‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం ఒక్కటేనా? లైటు ‘పుట్ ఆఫ్’ చేయమనడం తప్పా?

గుత్తికోట (అనంతపురం) – ప్రశ్న

సభ్యులకు నమస్కారం. నేను డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నాను. సాయంత్రం పూట మా వీధిలోని పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. వాళ్ల గైడ్లలో ‘పుట్ ఆఫ్’ అనే ఫ్రేజల్ వెర్బ్‌కు ఎదురుగా ‘పోస్ట్‌పోన్’ అని ఒకే ఒక్క మాట ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో దింపుతారు, మార్కు పడుతుంది, కథ అక్కడితో ముగుస్తుంది. కానీ ఆ ఒక్క అర్థాన్నే నమ్ముకొని బయటి ఇంగ్లీషు చదవబోతే అడుగడుగునా అడ్డం తగులుతోంది.

బెంగళూరులోని ఒక కంపెనీ నుంచి మా స్నేహితుడికి వచ్చిన మెయిల్‌లో ‘యువర్ ఇంటర్వ్యూ హాజ్ బీన్ పుట్ ఆఫ్ టిల్ నెక్స్ట్ వీక్’ అని ఉంది. ఇది గైడు చెప్పిన అర్థమే కాబట్టి చిక్కు లేదు. టీవీలో క్రికెట్ చూస్తుంటే వ్యాఖ్యాత ‘ది క్రౌడ్ ఈజ్ ట్రయింగ్ టు పుట్ ది బౌలర్ ఆఫ్’ అన్నారు. బౌలర్‌ను వాయిదా వేయడమేమిటని పక్కనున్న పిల్లవాడు వెంటనే అడిగాడు. ఒక మిక్సీ గురించి ఆన్‌లైన్‌లో ఎవరో ‘డోంట్ బి పుట్ ఆఫ్ బై ది ప్రైస్’ అని రాశారు. ఇక మా పక్కింట్లో ఉండే రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఒకాయన గది నుంచి బయటికి వచ్చేటప్పుడల్లా ‘పుట్ ఆఫ్ ది లైట్’ అనే అంటారు. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుల్లో మాత్రం అది ముమ్మాటికీ తప్పని చెబుతున్నారు.

ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని అర్థాలా, లేక వీటిని కలిపే దారమేదైనా ఉందా? ‘ఇట్’, ‘మి’, ‘హిమ్’ వంటి మాటలు ‘పుట్’కూ ‘ఆఫ్’కూ మధ్యలో రావాలా, చివర రావాలా? నిఘంటువు చూసుకోమని వదిలేయకుండా, పిల్లలకు మన మాటల్లో ఎలా చెప్పాలో వివరించగలరని మనవి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

గుత్తికోట గారికి నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడిగా చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీరు ఇచ్చిన వాక్యాలను ఒకచోట పెట్టి చూడండి: క్రియ మారలేదు, దాని వెంట ఉన్న ‘ఆఫ్’ మారలేదు, మారింది కర్మ ఒక్కటే. అందుచేత ‘పుట్ ఆఫ్’ ఎదురైనప్పుడు క్రియను పట్టుకొని వేలాడకుండా ‘దేన్ని?’, ‘ఎవరిని?’ అని అడగడం పిల్లలకు అలవాటు చేస్తే, అర్థం చాలావరకు దానంతటదే తేలుతుంది.

‘ఆఫ్’ అనే చిన్న మాటకు మూలార్థం ‘దూరంగా, ఎడంగా’ అని. ప్రాచీన ఇంగ్లీషులో ‘ఆఫ్’, ‘ఆవ్’ అనేవి ఒకే మాట. ఒత్తి పలికిన రూపం ‘ఆఫ్’గానూ, తేల్చి పలికిన రూపం ‘ఆవ్’గానూ కాలక్రమంలో విడిపోయాయి. కాబట్టి ‘పుట్ ఆఫ్’ అంటే ఉన్నచోటు నుంచి ఎడంగా పెట్టడం, అవతలికి నెట్టడం అని మొదట మనసులో ఉంచుకోవాలి. నెట్టబడేది ఏమిటన్నదాన్నిబట్టి తెలుగు మాట మారుతుంది.

నెట్టబడేది ఒక పనో, కార్యక్రమమో, తేదీయో అయితే దాన్ని రాబోయే రోజుల్లోకి నెడుతున్నాం, అంటే వాయిదా వేస్తున్నాం. మీ జిల్లా పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు: జూన్‌లో పదును వాన పడకపోతే రైతులు బుడ్డలు (వేరుశనగ) విత్తడం ఆపి జూలై దాకా ఆకాశం వైపు చూస్తారు కదా, దాన్నే ఇంగ్లీషులో ‘ది ఫార్మర్స్ పుట్ ఆఫ్ సోయింగ్ గ్రౌండ్‌నట్ టిల్ ది రెయిన్స్ కేమ్’ అంటాం. ఇక్కడ విత్తడం మానుకోలేదు, తర్వాతకు జరిపారు. ఆ తేడా పిల్లలు గమనించాలి.

నెట్టబడేది మనిషి అయితే వ్యవహారం కాస్త లోతుగా ఉంటుంది, ఎందుకంటే మనిషిని ఒక్క విధంగానే కాదు, చాలా విధాలుగా అవతలికి నెట్టవచ్చు. బాకీ అడగడానికి వచ్చినవాణ్ణి ‘రేపు, మాపు’ అని తిప్పుకోవడం ఒక విధం. ‘హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్ విత్ ఎక్స్‌క్యూజెస్’ అంటే ఏదో ఒక సాకు చెప్పి నన్ను తిప్పుకుంటున్నాడని అర్థం. మా చిన్నతనంలో కర్ణాటక సరిహద్దు పల్లెల్లో దయ్యం తలుపు తడుతుందనే భయంతో ఇళ్ల తలుపుల మీద ‘రేపు రా’ అని సుద్దతో రాసేవారు. ఆ దయ్యం ప్రతి రాత్రీ వచ్చి, ఆ రాత చదువుకొని, వెనక్కి పోతుందని నమ్మకం. ‘పుట్ సమ్‌బడీ ఆఫ్’ అనే ప్రయోగానికి నేను తరగతిలో ఇదే చెప్పేవాణ్ణి, పిల్లలు ఒక్కరూ మరిచిపోయేవారు కారు. ఇంటికి రావలసిన చుట్టాలను ‘ఈ వారం వద్దు, వచ్చే ఆదివారం రండి’ అని ఆపడాన్ని కూడా ఇదే మాటతో చెబుతారు, అందులో కపటం ఏమీ ఉండనక్కర్లేదు.

రెండో విధం మనసును నెట్టడం. ఒక వాసనో, ధరో, ఎదుటివారి మాటతీరో మనల్ని ఒక వస్తువు నుంచి గానీ పని నుంచి గానీ వెనక్కి లాగితే అదీ ‘పుట్ ఆఫ్’ అవుతుంది. మిక్సీ వాక్యం ఈ కోవలోది: ధర చూసి వెనకడుగు వేయకండి అని చెప్పడం. ‘ఐ వాజ్ పుట్ ఆఫ్ బై హిజ్ మానర్’ అంటే ఆయన తీరు చూశాక నాకు మనసు విరిగిందనో, ముఖం తిప్పుకోవాలనిపించిందనో చెప్పుకోవచ్చు. వెగటు, విముఖత, అధైర్యం ఈ మూడింటి మధ్య ఎక్కడో ఈ అర్థం నిలబడుతుంది కాబట్టి, సందర్భాన్నిబట్టి తెలుగు మాట ఎంచుకోవాలే తప్ప ఒకే మాటను అన్నిచోట్లా అతికించకూడదు.

మూడో విధం ధ్యాసను నెట్టడం. మీ బౌలర్ సంగతి ఇదే: పరుగెత్తి వస్తున్నవాడి ఏకాగ్రతను జనం కేకలతో చెదరగొట్టాలని చూస్తున్నారు. ఈ వాడుక ప్రధానంగా బ్రిటిష్ ఇంగ్లీషుది. అమెరికావారు ఇటువంటి చోట ‘డిస్ట్రాక్ట్’ అని గానీ మరొక విధంగా గానీ అంటారు. నాలుగోది ఇంకా పాతబడిన బ్రిటిష్ వాడుక: బస్సులోంచి ప్రయాణికుణ్ణి దించడం. ‘కుడ్ యు పుట్ మి ఆఫ్ యట్ ది నెక్స్ట్ స్టాప్?’ అంటే తర్వాతి స్టాపులో దించగలరా అని. మన ఆర్టీసీ బస్సులో ఎవరూ ఇలా అడగరు కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు.

మనిషి కర్మగా ఉన్నప్పుడు ఈ అర్థాల్లో ఏది వర్తిస్తుందో తేల్చుకోవడానికి కర్తను చూడండి. కర్త ఒక మనిషి అయి, వెంట సాకో, మాట ఇవ్వడమో, ‘టిల్’ అనే గడువో ఉంటే తిప్పుకోవడం. కర్త ధర, వాసన, మురికి, అహంకారం వంటి విషయమైతే విముఖత. కర్మగా ఉన్న మనిషి అప్పటికే శ్రద్ధ పెట్టి ఏదో చేస్తూ ఉంటే ధ్యాస చెదరగొట్టడం. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే సూత్రమని అనను గానీ, పదో తరగతి పిల్లలకు దారి చూపడానికి సరిపోతుంది.

దేవుని కడప (కడప)

బురుజు సార్ చెప్పినదాంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. నేను కార్యాలయ ఉత్తరప్రత్యుత్తరాలు చూసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ‘వాయిదా’ అనే అర్థం వరకే పరిమితమై కొంత చేరుస్తాను, ఎందుకంటే మనవాళ్లు తడబడేది ఆ తెలిసిన అర్థం దగ్గరే ఎక్కువ.

తెలుగు పత్రికల్లో పరీక్ష వాయిదా పడుతుంది, కేసు వాయిదా పడుతుంది, శాసనసభ నిరవధికంగా వాయిదా పడుతుంది. చివరికి ఫ్రిజ్జు కూడా వాయిదాల పద్ధతిలో కొంటాం. ఇంగ్లీషు ఇన్ని పనులను ఒకే మాటకు అప్పగించదు. ఇంకా మొదలుకాని కార్యక్రమాన్ని మరో రోజుకు జరిపితే ‘పుట్ ఆఫ్’ లేదా ‘పోస్ట్‌పోన్’. మొదలై నడుస్తున్న సభనో విచారణనో అక్కడికి ఆపి, మిగిలింది తర్వాత కొనసాగించాలని నిర్ణయిస్తే ‘అడ్జర్న్’. ఒక నిర్ణయాన్నో, చెల్లింపునో తర్వాతి కాలానికి ఉంచితే ‘డిఫర్’. మొత్తానికే రద్దు చేస్తే ‘కాల్ ఆఫ్’. రెండింటిలోనూ ‘ఆఫ్’ వినబడుతోంది కదా అని ‘పుట్ ఆఫ్’నూ ‘కాల్ ఆఫ్’నూ కలిపేస్తే ఇబ్బంది వస్తుంది: పెళ్లి ‘పుట్ ఆఫ్’ అయిందంటే మరో ముహూర్తం చూస్తారు, ‘కాల్ ఆఫ్’ అయిందంటే పత్రికలు పంచినవాళ్లు మళ్లీ ఇంటింటికీ తిరిగి చెప్పుకోవాలి.

‘డిలే’తో ఉన్న తేడా కూడా చెప్పాలి. గుంతకల్లులో సిగ్నల్ దొరకక రైలు గంటసేపు నిలిచిపోతే అది ‘డిలే’ అవుతుంది, ‘పుట్ ఆఫ్’ కాదు, ఎందుకంటే ఆ ప్రయాణాన్ని తర్వాతకు జరపాలని ఎవరూ నిర్ణయించలేదు. ‘పుట్ ఆఫ్’ వెనక ఎప్పుడూ ఒకరి నిర్ణయమో, బద్ధకమో, అయిష్టమో ఉంటుంది. పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లకుండా నెలల తరబడి నాన్చేవారి గురించి ‘హి హాజ్ బీన్ పుటింగ్ ఇట్ ఆఫ్ ఫర్ మంత్స్’ అనడం అందుకే అంత సహజంగా వినిపిస్తుంది. అక్కడ ‘పోస్ట్‌పోనింగ్’ అంటే ఆయన ఆ పంటికోసం ఒక నోటీసు జారీ చేసినట్టు ఉంటుంది.

మర్యాద స్థాయి విషయానికి వస్తే, ‘పుట్ ఆఫ్’ మాటల్లోనూ, తోటివారికి రాసే మెయిళ్లలోనూ చక్కగా ఇముడుతుంది. కలెక్టరేటుకు పంపే లేఖలోనో, నోటీసులోనో అయితే ‘పోస్ట్‌పోన్’ రాయడమే పద్ధతి. నిజానికి ఈ రెండింటి ఎముకలు ఒక్కటే: లాటిన్‌లో ‘పోస్ట్’ అంటే తర్వాత, ‘పోనెరె’ అంటే పెట్టడం. ఒకే భావానికి లాటిన్ నుంచి వచ్చిన మాట కోటు తొడుక్కొని కార్యాలయానికి పోయింది, ఇంటి మాట ఇంట్లో ఉండిపోయింది.

వాయిదాకు వ్యతిరేకంగా మనవాళ్లు వాడే ‘ప్రీపోన్’ను తప్పని కొట్టిపారేయనక్కర్లేదు; భారతీయ వాడుకగా గుర్తించి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కూడా దాన్ని చేర్చుకుంది. కాకపోతే బయటి దేశాలవారితో మాట్లాడేటప్పుడు ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనాలి, లేకుంటే ఎదుటివారు ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సి వస్తుంది.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను, ఇది మీరు పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు. ఇటువంటి క్రియలు పరాయివారికి అన్నిటికంటే కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చయిన తన నిఘంటువు ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. అప్పటికి వీటికి ఈ పేరు కూడా స్థిరపడలేదు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరును హెన్రీ బ్రాడ్లీ సూచించగా 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ప్రచారంలోకి తెచ్చాడు. మన భాషలో మాత్రం తక్కువా? చెప్పు, చెప్పేయి, చెప్పుకో, చెప్పిపెట్టు అనే నాలుగు మాటల మధ్య తేడా ఏమిటో 1820లో మా కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు నేర్చుకున్న బ్రౌన్ దొరకు ఎవరు ఎలా వివరించి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది 1852లో.

రాయదుర్గం బళ్లారి రోడ్డు (బెంగళూరులో ఉద్యోగం, సొంతూరు అనంతపురం జిల్లా)

అన్నలిద్దరూ అర్థాలు చెప్పారు. నేను రోజూ బ్రిటన్ క్లయింట్లతో ఫోన్లో మాట్లాడే పనిలో ఉన్నాను కాబట్టి నోటితో పలకడం, వాక్యంలో అమర్చడం గురించి చెబుతాను.

ప్రశ్నలో అడిగిన ‘ఇట్’ సంగతి ముందు. కర్మ నామవాచకమైతే రెండు చోట్లా పెట్టవచ్చు: ‘పుట్ ఆఫ్ ది మీటింగ్’, ‘పుట్ ది మీటింగ్ ఆఫ్’. సర్వనామమైతే మధ్యలోనే రావాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనేది ఎక్కడా చెల్లదు. కర్మ పొడుగ్గా ఉన్నప్పుడు, ఉదాహరణకు ‘కర్నూలులో వచ్చే నెల జరగాల్సిన అన్ని శాఖల సమీక్షా సమావేశం’ వంటిది ఉన్నప్పుడు, దాన్ని ‘ఆఫ్’ తర్వాతే పెట్టాలి; మధ్యలో ఇరికిస్తే వినేవాడు ‘ఆఫ్’ కోసం ఎదురుచూసి అలిసిపోతాడు. ఇక మనిషి విముఖత, ధ్యాస చెదరడం అనే అర్థాల్లో మనిషిని మధ్యలో పెట్టడమే వాడుక: ‘యు ఆర్ పుటింగ్ మి ఆఫ్’.

వెంట మరొక క్రియ రావలసి వస్తే ‘-ఇంగ్’ రూపమే రావాలి. ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ది బ్యాంక్’ సరైనది, ‘ఐ పుట్ ఆఫ్ టు గో’ తప్పు. ‘పుట్’కు వర్తమానం, భూతకాలం, పాస్ట్ పార్టిసిపుల్ మూడూ ఒకే రూపం కాబట్టి ‘దే పుట్ ఆఫ్ ది ఎగ్జామ్’ అన్న వాక్యాన్ని విడిగా చూస్తే నిన్నటి సంగతో, ప్రతి ఏడూ జరిగే సంగతో తెలియదు. ‘యెస్టర్‌డే’ వంటి మాటనో, ముందువెనకల సందర్భాన్నో చూసుకోవాలి. ‘పుటెడ్’ అనే రూపం లేదు. రాతలో ‘పుటింగ్’కు రెండు ‘టి’లు వస్తాయి.

పలుకుబడి విషయంలో మనవాళ్లు ‘పుట్’ను ఊనిక పెట్టి పలికి ‘ఆఫ్’ను మింగేస్తారు. ఇంగ్లీషువారు దీనికి తలకిందులుగా చేస్తారు: ‘పుట్’ తేలికగా వచ్చి, ఊనిక ‘ఆఫ్’ మీద పడుతుంది, మధ్యలో ‘ట’ రెండో భాగానికి అతుక్కొని ‘పు–టాఫ్’ లాగా వినబడుతుంది. ఫోన్లో ఇది పట్టుకోలేకపోతే వాక్యం అర్థం మొత్తం జారిపోతుంది, ఎందుకంటే ‘పుట్ ఆన్’, ‘పుట్ అప్’, ‘పుట్ ఔట్’ అన్నిటిలోనూ అర్థాన్ని మోసేది ఆ రెండో ముక్కే.

దీని నుంచి పుట్టిన విశేషణం ‘ఆఫ్–పుటింగ్’ మా ఆఫీసులో తరచూ వినబడుతుంది. ముక్కలు తిరగబడి ముందు ‘ఆఫ్’ వచ్చిందని గమనించండి. మధ్యలో గీత పెట్టి రాస్తారు. ‘ది వెబ్‌సైట్ లుక్స్ ఎ బిట్ ఆఫ్–పుటింగ్’ అని క్లయింటు అన్నాడంటే, ఆ పేజీ చూడగానే జనం వెనక్కి పోతున్నారని మర్యాదగా చెబుతున్నాడన్నమాట. ఈ విశేషణాన్ని ఇప్పుడు వాయిదా అర్థంలో వాడరు.

లైటు విషయంలో మాత్రం నేను స్పోకెన్ ఇంగ్లీషు క్లాసువారి పక్షమే. ‘పుట్ ఆఫ్ ది లైట్’ మన దక్షిణాదివాళ్ల ఇంగ్లీషు. నా చెవికి ‘ఆఫ్ ది ఫ్యాన్’ అన్నట్టే ఉంటుంది. ఇంటర్వ్యూలో అటువంటివి రాకుండా చూసుకోవడం మంచిది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

రాయదుర్గం నాయనా, మిగిలినదంతా బాగా చెప్పారు గానీ చివరి మాటను ఒప్పుకోలేను. ‘ఆఫ్ ది ఫ్యాన్’ తప్పు, అందులో వాదన లేదు. తెలుగులో ‘ఫ్యాన్ ఆఫ్ చెయ్యి’ అంటాం కదా అని ‘చెయ్యి’ తీసేసి ‘ఆఫ్’నే క్రియగా నిలబెట్టిన వాక్యం అది. ‘పుట్ ఆఫ్ ది లైట్’ కథ వేరు. ‘పుట్ ది లైట్స్ ఆఫ్’ అనే ప్రయోగాన్ని, విద్యుత్ పరికరాన్ని ఆపడం అనే అర్థంతో, విద్యార్థుల కోసం తయారైన బ్రిటిష్ నిఘంటువులు నమోదు చేశాయి. మనకు ఇంగ్లీషు వచ్చిందే అటునుంచి. రైల్వేలోనూ, ప్రభుత్వ కార్యాలయాల్లోనూ ఆ తరంవారు విని నేర్చుకున్నదే గుత్తికోట గారి పక్కింటాయన నోట మిగిలింది. అమెరికాలో ఆ వాడుక లేదు, బ్రిటన్‌లోనూ ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ ముందు వరసలో ఉన్నాయి. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఆ రెండింటిలో ఒకటి వాడుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఆ సలహా వరకు మీతో నేనూ ఏకీభవిస్తాను. కానీ పెద్దాయన మాట తప్పని పిల్లల ముందు తీర్పు ఇవ్వడం న్యాయం కాదు.

ఇక్కడ ‘పుట్ ఔట్’తో ఉన్న తేడా కూడా చెప్పి పెట్టండి. మంట, కొవ్వొత్తి, కిరోసిన్ దీపం, సిగరెట్టు వంటి మండేవాటిని ‘పుట్ ఔట్’ చేస్తారు, అంటే ఆర్పుతారు. మన పెద్దలకు దేవుడి దీపం విషయంలో ‘ఆర్పు’ అనడానికి నోరు రాక ‘కొండెక్కించు’ అనేవారు. ఇంగ్లీషుకు ఆ పట్టింపు లేదు. బల్బు విషయంలో ‘పుట్ ఔట్ ది లైట్’ అన్నా చెల్లుతుంది, కానీ ఫ్యాన్‌ను ‘పుట్ ఔట్’ చేయలేం, అది మండటం లేదు కాబట్టి.

గుత్తికోట (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం బురుజు సార్ చెప్పిన పద్ధతిలో, ముందు కర్మను చూడమని చెప్పి, పిల్లల చేత సొంత వాక్యాలు రాయించాను. కొన్ని ఇక్కడ పెడుతున్నాను, దయచేసి దిద్దగలరు.

‘డోంట్ పుట్ ఆఫ్ మి, ఐ యామ్ డూయింగ్ మ్యాథ్స్.’

‘మై ఫాదర్ పుట్ ఆఫ్ టు బై ది సైకిల్.’

‘ది ఫ్లైస్ పుట్ మి ఆఫ్ మై ఉగ్గాని.’

‘ది షాప్‌కీపర్ పుట్ మి ఆఫ్ టిల్ మండే.’

‘రెయిన్ పుట్ ఆఫ్ ది మ్యాచ్.’

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

మొదటి వాక్యంలో ‘మి’ మధ్యలోకి రావాలి: ‘డోంట్ పుట్ మి ఆఫ్’. రెండోదానిలో ‘పుట్ ఆఫ్ బయింగ్’ అని మార్చండి. తండ్రి సైకిల్ కొనడాన్ని ఎంతవరకు జరిపాడో చెప్పదలిస్తే చివర ‘టిల్ దసరా’ అని చేర్చుకోవచ్చు.

మూడో వాక్యం రాసిన పిల్ల ఎవరో గానీ నా తరఫున మెచ్చుకోండి, అందులో దిద్దవలసింది ఏమీ లేదు. ‘పుట్ మి ఆఫ్’ అని ఆగిపోకుండా వెంటనే ‘మై ఉగ్గాని’ అని పెట్టడం వల్ల, ఈగలు ముసరడం చూసి ఏ వస్తువు మీద మనసు విరిగిందో కూడా ఆ వాక్యంలోనే తెలిసిపోయింది. ‘పుట్ సమ్‌బడీ ఆఫ్ సమ్‌థింగ్’ అనే ఈ అమరిక గైడ్లలో కనబడదు. దీని పక్కనే ‘పుట్ మి ఆఫ్ ఈటింగ్ ఉగ్గాని’ అని కూడా రాయించండి. నామవాచకమైనా, ‘-ఇంగ్’ రూపమైనా అక్కడ ఇముడుతుందని తెలుస్తుంది.

నాలుగోది సరిగానే ఉంది, అంగడివాడు సోమవారం రమ్మని తిప్పిపంపాడని అర్థం వస్తుంది.

చివరి వాక్యం వ్యాకరణం దృష్ట్యా తప్పు కాదు గానీ, ఆటను మరో రోజుకు జరపాలని నిర్ణయించేది నిర్వాహకులు కాబట్టి ‘ది మ్యాచ్ వాజ్ పుట్ ఆఫ్ బికాజ్ ఆఫ్ రెయిన్’ అంటే బాగుంటుంది. అదీ మ్యాచ్‌ను మరో రోజు ఆడించిన పక్షంలోనే. వాన వల్ల ఆట మొత్తానికే పోతే బ్రిటిష్ వాడుకలో ‘రెయిన్డ్ ఆఫ్’ అంటారు, అమెరికాలో ‘రెయిన్డ్ ఔట్’ అంటారు. ఆ పిల్లవాడు చూసిన మ్యాచ్ తర్వాత జరిగిందో లేదో అడిగి, దాన్నిబట్టి దిద్దించండి.